సెనిసా ఎడమ కన్ను

ఏప్రిల్ 23, మంగళవారం

నా గుర్రం సెనిసా ఎడమ కంట్లోంచి నీరు కారుతోంది. పొద్దున నేనొక్కదాన్నే చూశాను. కాసేపటికి ప్రాక్టీసులో అందరూ చూశారు. బూడిద రంగు చెంప మీద తడి చార.

మాది ఎస్కరమూసా జట్టు, అంటే ఆడవాళ్ల గుర్రపు విన్యాసాల జట్టు. ఎనిమిది మందిమి, ఎనిమిది గుర్రాలు. పక్కకి కూర్చునే జీను, మడమల దాకా కుచ్చుల గౌను, పెద్ద టోపీ. దౌడులో ఒకరి గుర్రం తోక ఇంకొకరి మోకాలికి తగిలేంత దగ్గరగా దాటుకోవాలి. అమ్మాయిలంతా ఇరవైల్లో ఉన్నారు. నాకు నలభై ఆరు. ఒకమ్మాయి కడుపుతో ఉండి మానేస్తే, ఇంకెవరూ దొరక్క నన్ను తీసుకున్నారు. ఆ సంగతి నాకూ తెలుసు, వాళ్లకీ తెలుసు.

కెప్టెన్ గ్రిసెల్డా దూరంగా నిలబడే, అంపారో అక్కా, ఆ కన్ను మిగతా గుర్రాలకి అంటుకుంటే మన పని గోవిందా, అంది. వచ్చే నెల పదకొండున గ్వాదలహారాలో రాష్ట్ర పోటీ.

అంటుకునేదో కాదో దగ్గరగా చూస్తే కదా తెలిసేది. కళ్లెం ఎలాగో వేయనిస్తుంది కానీ, సెనిసా ముక్కు దాటి ఎవరి చేతినీ పైకి రానివ్వదు. దీని పాత యజమాని చెవి మెలిపెట్టి లొంగదీసేవాడట. అలా బెదురు గుర్రమైంది కాబట్టే చవగ్గా మా చేతికొచ్చింది.

ఏప్రిల్ 24

గ్రిసెల్డా సగం వాడిన ఆయింట్‌మెంట్ ట్యూబు పట్టుకొచ్చింది. మా అన్న గుర్రానికి రాశాం, తెల్లారేసరికి తగ్గింది, పుయ్యి, అంది. నేను పుయ్యలేదు. కంట్లో గీత పడి ఉంటే కొన్ని మందులు దాన్ని పుండు చేస్తాయని విన్నాను. పశువుల డాక్టరుకి ఫోన్ చేశాను.

గ్రిసెల్డాకి కోపం వచ్చింది. నీళ్లు కారే కంటికి డాక్టరా, రేపు తుమ్మితే అంబులెన్సు పిలుస్తావా, అంది. వెళ్తూ వెళ్తూ, తన చిన్నాన్న కూతురికి మంచి గుర్రం ఉందని కూడా చెప్పింది. నాతో కాదు, గేటుతో చెప్పినట్టు.

ఏప్రిల్ 25

డాక్టర్ బారహాస్ వచ్చింది. కోళ్లఫారం నుంచి నేరుగా వచ్చినట్టుంది, జుట్టులో ఈక. సెనిసా ఒక్కసారి తల విసిరితే ఆవిడ గోడకి కొట్టుకుంది. లేచి మత్తు ఇంజెక్షన్ ఇచ్చింది. కంట్లో పచ్చరంగు మందు వేసి, కొట్టంలో తలుపు మూసి, లైటు పెట్టి చాలాసేపు చూసింది. 

గీత లేదు. పొర లేదు. ఇది జబ్బు కాదమ్మా, ఏదో పడి మండుతోంది, దుమ్మో నూగో, అంది. సెలైన్‌తో రోజూ కడగాలి. శుభ్రమైన గాజుగుడ్డతో తుడవాలి, ఈ కంటికి వాడింది ఆ కంటికి వాడకూడదు. ఈగలు వాలకుండా ముఖానికి వల ముసుగు కట్టాలి. కన్ను మూసేసినా, తెల్లబడినా, చీము కనపడినా ఆ క్షణమే ఫోన్ చెయ్యాలి. ఇంట్లో ఉన్న పాత ట్యూబులేవీ దగ్గరికి రానివ్వకు, అంది.

అంటుకునేది కాదని గ్రిసెల్డాకి తనే ఫోన్లో చెప్పింది. గ్రిసెల్డా సరే అంది. తర్వాత నాకు ఫోన్ చేసి, పోటీ గేటు దగ్గర వాళ్ల డాక్టరు ప్రతి గుర్రాన్నీ చూస్తాడక్కా, నీదాన్ని వెనక్కి పంపితే మనం ఏడుగురం, ఏడుగురికి ఆట లేదు, అంది. నిజమే. 

ఏప్రిల్ 26

ముక్కు దాటనివ్వలేదు. సెలైన్ అంతా నా జాకెట్ మీదే. భుజం కమిలింది.

ఏప్రిల్ 28, ఆదివారం

పట్టుకుంటే లాభం లేదు. ఈ రోజు పగ్గం వదిలేశాను. పొడి స్పాంజి మెడకి ఆనించి, అది తల తిప్పకముందే నేనే చెయ్యి తీసేశాను. మళ్లీ పెట్టాను, మళ్లీ తీశాను. కాసేపటికి దానికి ఆశ్చర్యం వేసింది. చెయ్యి ఎటు పోయిందా అని వెనక్కి తిరిగి చూసింది.

మా ఆయన బెర్నాబే కంచె మీద కూర్చుని చూస్తున్నాడు. పెళ్లికి ముందు నాతో కూడా ఇలాగే చేశావు కదే, అన్నాడు. నువ్వు ఇంకా తొందరగా లొంగావు, అన్నాను.

మే 1

చెంప దాకా వెళ్లాం. కంటి కింద తడిబట్ట ఆనించనిచ్చింది.

కానీ కన్ను తగ్గలేదు. ఒకటే అర్థం కావడం లేదు. పగలంతా బయలు దొడ్లో తిరుగుతుంది, దుమ్ము అక్కడే ఎక్కువ. అయినా సాయంత్రానికి కన్ను ఆరిపోతుంది. పొద్దున కొట్టంలోంచి తీసేసరికి మళ్లీ ఎర్రగా, పుసితో.

మే 2, తెల్లవారుజామున

కాఫీ కూడా తాగకుండా కొట్టానికి వెళ్లి మేత వేసి నిలబడ్డాను. దొరికింది.

గోడకి ఎత్తుగా ఉన్న చట్రంలోంచి గడ్డి లాక్కుని తింటోంది. మెడ ఎత్తి లాగిన ప్రతిసారీ నూగు జలజలా రాలి కనురెప్పల మీద పడుతోంది. అదీ ఎడమ వైపే. కుడి వైపు గోడ అడ్డం, అందుకే ఎడమ చెంపే చట్రం కిందికి పెడుతోంది.

ఆ చట్రం బెర్నాబే చేశాడు. గడ్డి కాళ్ల కింద వృథా కాకూడదని ఈ చలికాలమంతా ఆదివారాలు దానికే పెట్టాడు. నునుపుగా తోమి, ఆకుపచ్చ రంగు వేసి, స్నేహితులందరికీ చూపించాడు. ఎర్రటి కార్డినల్ పిట్ట బొమ్మ కూడా వేశాడు.

ఎలా చెప్పాలి.

మే 3, శుక్రవారం

శిలువ పండుగ. మా ఆయన మేస్త్రీ కదా, ఇవాళ వాళ్ల పండుగ. కడుతున్న ఇంటి మీద పూల శిలువ, మటన్, బీరు, మధ్యాహ్నం దాకా తారాజువ్వలు. నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు. ఆ నవ్వు మీదే చెప్పాల్సి వచ్చింది.

నమ్మలేదు. వచ్చి చూడమన్నాను. సెనిసా ఒక గుప్పెడు లాగింది. నూగు రాలింది. అది కళ్లు చికిలించింది. ఆయన కూడా చికిలించాడు. చట్రం అంచు మీది నూగు వేలితో తీసి చూసుకున్నాడు. 

చివరికి, మేత గూడు కట్టాననుకున్నాను, దీని కళ్లకి జల్లెడ కట్టానన్నమాట, అన్నాడు. పండుగ చొక్కా విప్పకుండానే స్క్రూలు ఊడదీశాడు. చీకటి పడేలోగా అవే చెక్కలతో నేల మీద గాడి చేసేశాడు. పిట్ట ఇప్పుడు తలకిందులుగా ఉంది. గడ్డి తడిపి వేశాం. సెనిసా తల దించి తింది.

ఈ మనిషిని ఈ రోజు ఎంత ప్రేమించానో ఆయనకి చెప్పలేదు. చెబితే ఇంకో గాడి చేస్తాడు.

మే 5

కడగనిచ్చింది.

పగ్గం లేదు. నేను సీసా పట్టుకుని నిలబడ్డాను, అంతే. సెనిసా నా దగ్గరికి నడిచొచ్చి, తల నా గుండెల దాకా దించి, ఆపింది. ఎడమ కన్ను కడిగాను. కొత్త గుడ్డ తీసి కుడి కన్ను కడిగాను. నీళ్లు దాని ముక్కు మీదుగా నా బూట్లలోకి కారాయి. కదల్లేదు. చివర్లో నిట్టూర్చింది, పని ముగించుకున్న మనిషిలా.

నేను కొట్టంలో కూర్చుని ఏడ్చాను. అందులో దుఃఖం కొంచెం కూడా లేదు.

మే 8

చివరి ప్రాక్టీసు. మొన్నటి నుంచి కట్టనిస్తున్న ఈగల ముసుగు తీశాను. గ్రిసెల్డా వచ్చి ఒక పక్క చూసింది, చుట్టూ తిరిగి రెండో పక్క చూసింది. ఏది పాడైన కన్నక్కా, అని అడిగింది.

నేను చెప్పలేదు. వెతుక్కో, అన్నాను. అమ్మాయిలంతా గొల్లున నవ్వారు. గ్రిసెల్డా కూడా.

మే 11, శనివారం, రాత్రి

ఇది ఇవాళే రాయాలి.

గేటు దగ్గర డాక్టరు పెద్ద మీసాల మనిషి, తొందర మనిషి. గుర్రం తర్వాత గుర్రం. మా వంతు వచ్చేసరికి గ్రిసెల్డా శిలువ గుర్తు వేసుకోవడం చూశాను. దీని తల ముట్టుకోకండి, అని చెప్పబోయి ఆగాను. ఆయన చెయ్యెత్తాడు. సెనిసా చెవులు వెనక్కి వెళ్లాయి. మళ్లీ ముందుకొచ్చాయి. తల దించింది. ఆయన రెండు రెప్పలూ ఎత్తి చూసి, అద్దంలా ఉన్నాయమ్మా, పోండి, అన్నాడు. నా వెనక ఏడుగురూ ఒకేసారి ఊపిరి వదిలారు. గౌన్ల గరగర వినిపించింది.

లోపల గాలి లేచింది. మైదానమంతా ఎర్రదుమ్ము. మాకన్నా ముందు జట్టు మధ్యలో చెదిరిపోయింది. మేం దౌడు మీదే వెళ్లాం. మొదటి దాటు, రెండోది, తర్వాత పెద్దది, నలుగురు అటు నుంచి, నలుగురు ఇటు నుంచి. ఎదురుగా గ్రిసెల్డా గుర్రం దుమ్ములోంచి ఒక్కసారిగా ఊడిపడింది. అప్పటిదాకా నాకు కనపడలేదు. సెనిసాకి కనపడింది. అది ఎడమ కంటితో చూసి, అరచెయ్యి వెడల్పున తప్పుకుని, అడుగు తప్పకుండా దూసుకుపోయింది. గ్రిసెల్డా గౌను అంచు నా బూటుని తాకింది. జనం లేచి నిలబడ్డ హోరు కడుపులో తగిలింది.

గెలిచాం. రాష్ట్రంలో మొదటి స్థానం.

గ్రిసెల్డా గుర్రం దిగి నేరుగా నా దగ్గరికొచ్చింది. వచ్చే ఏడాది కూడా నువ్వే అక్కా, ముసలిదాన్నైపోయానని వంకలు చెబితే ఊరుకోను, అంది. బెర్నాబే జనంలోంచి అడ్డదిడ్డంగా పరుగెత్తుకొచ్చాడు. నన్ను కౌగిలించుకుంటాడని చేతులు చాపాను. ఆయన ముందు సెనిసా మెడని కౌగిలించుకున్నాడు. నేను వరసలో నిలబడ్డాను.

మే 12, ఆదివారం

నోట్లో ఇంకా ఆ మైదానం దుమ్ము కరకరలాడుతోంది. పుక్కిలించాలనిపించడం లేదు.