తువ్వాలులో వాడిన మొక్క

నవంబరు 17, సోమవారం

ఖాయమైంది. రెండో సెమిస్టరు నుంచి మన డిగ్రీ కాలేజీలో ఏఐ మైనర్ సబ్జెక్టు. మాచర్లలో! "పిల్లలు చేరితేనే సుమా... లేకపోతే పైవాళ్ళు ఎత్తేస్తారు" అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆయనది భయం, నాది మొండితనం. ఆప్షన్లకి డిసెంబరు ఒకటి ఆఖరు.

పిల్లలకి పని చెప్పాను. ఇంటికెళ్ళి, ఇంట్లోవాళ్ళకి నిజంగా అక్కరకొచ్చే ప్రశ్న ఒకటి ఫోనులో ఏఐని అడిగి రండి. "సినిమాలు కాదురా" అంటే వెనక బెంచీలో నవ్వులు.

నవంబరు 20

ఒకడు జాతకం అడిగొచ్చాడు. ఇద్దరు ప్రేమ కవిత్వం. ఎవరికి అక్కరో!

రెంటచింతల నుంచి వచ్చే కుసుమ మాత్రం మిరప చేను సంగతి తెచ్చింది. వాళ్ళ నాన్న జోజిరెడ్డి చేలోంచి జబ్బు మొక్క తెస్తే ఫొటో తీసి అడిగిందట. ఎండు తెగులు అంది ఫోను, మందు పేరు కూడా చెప్పింది. ఆయన అదే కొని మొదళ్ళకి పోయించాడు. క్లాసంతా చప్పట్లు. నేనూ కొట్టాను.

రెంటచింతల బస్సులో వచ్చే ఆడపిల్లలందరూ ఏఐ తీసుకుంటామని చేతులెత్తారు. "కుసుమ పోతే నువ్వూ పో" అన్న మాట మీదే వాళ్ళ ఇళ్ళల్లో కాలేజీకి పంపుతున్నారు.

నవంబరు 26

కుసుమ రావడం లేదు. అదే బస్సులో వచ్చే లతని అడిగితే గొణిగింది—

"చేను ముడుచుకుపోయింది మేడం. తెగులు కాదంట, ఏదో పురుగంట."

వీళ్ళు కింద మందు పోస్తుంటే పైన పురుగు పూతంతా పాకింది. ఊళ్ళో ఎగతాళి. "ఏమయ్యా జోజిరెడ్డీ, మీ ఫోను డాక్టరు ఏమంటంది?" తలెత్తుకోలేక ఆయన ఇంటికొచ్చి, "కాలేజీ లేదు ఏం లేదు, చేలోకి రా" అన్నాడట.

ఆ పని చెప్పి ఇంటికి పంపింది నేనే.

నవంబరు 27

ప్రిన్సిపాల్ గారికి చెప్పలేదు.

నవంబరు 28

కుసుమే ఫోను చేసింది. గొంతు తగ్గించి—

"మేడం, నాన్న తువ్వాలులో చుట్టుకొచ్చిన మొక్క గదా అది. ఇంటికొచ్చేసరికి వాడిపోయింది. నేను దాన్నే ఫొటో తీశా. ఇయ్యాల చేలోనే తీసి చూస్తే, తామర పురుగంటంది."

ఇక్కడ అందరూ చేసేది అదే. మొక్క పీకడం, తువ్వాలులో చుట్టడం, మందుల కొట్టుకి పట్టుకెళ్ళడం. దారిలో వాడిందని కొట్టాయనకి తెలుసు. ఫోనుకి ఎవరు చెప్పారు? దానికి కనిపించింది వాడిన మొక్క, ఎండు తెగులంది. ఈ పాఠం నా సిలబస్‌లో లేదు. మొదటి రోజే చెప్పాల్సిన పాఠం.

"మీ నాన్నకి చెప్పావా?"

"ఫోను పేరెత్తితేనే లేచెళ్ళిపోతన్నాడు మేడం."

నవంబరు 30, ఆదివారం

చర్చిలో పూజ అయ్యే వేళకి రెంటచింతల వెళ్ళాను. చలికాలమని పేరే, ఎండ మాడ్చేసింది. జోజిరెడ్డి మంచినీళ్ళిచ్చాడు, మొహం చూడలేదు. ముగ్గురం చేలోకి.

కుసుమ మొక్క పీకకుండా ఫొటో తీసి, ఫోను చెప్పింది చదివింది. ఆయన అప్పుడు నావైపు తిరిగాడు.

"ఆరోజు కూడా ఇంత గట్టిగానే చెప్పింది గదా మేడం. ఇయ్యాల చెప్పేది నిజమని ఎట్టా నమ్మేది?"

ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత మంచి ప్రశ్న ఏ విద్యార్థీ అడగలేదు.

"నమ్మబాక నాన్నా" అంది కుసుమ. తెల్లకాగితం కింద పట్టి పూలు దులిపింది. సన్నటి నల్ల పురుగులు, కాగితం మీద పరుగులు. జోజిరెడ్డి వంగి, ఒకదాన్ని వేలితో అద్ది చూశాడు. పక్క చేను ఆయన గట్టు దాటి వచ్చి చూశాడు. ఎగతాళి చేసినవాళ్ళలో ఆయనా ఒకడట.

ఆ పిల్లని చూసి ఎంత గర్వపడ్డానో.

బస్సెక్కేముందు అడిగాను— రేపే ఆఖరు, పంపిస్తారు కదా?

"రేపటి సంగతి రేపు మేడం."

డిసెంబరు 1, సోమవారం

పొద్దున బస్సులోంచి లత దిగింది. కుసుమ దిగలేదు. మిగతా పిల్లలు ఆప్షన్ కాగితాలు పట్టుకుని నిలబడ్డారు— "కుసుమ పెట్టిందా మేడం?"

ఫోను చేస్తే జోజిరెడ్డి ఎత్తాడు. గొంతులో హుషారు.

"తెల్లారకముందే జనం మేడం! మా చేనూ చూడమ్మా, మా చేనూ చూడమ్మా అని. పక్కోళ్ళ చేలో ఉంది."

సంతోషమండీ, కానీ ఇవాళ ఆప్షన్ పెట్టాలి, పంపండి అన్నాను.

"ఇంక దేనికి మేడం? మా పిల్లకి వచ్చేసింది గదా!"

ఎగతాళికి జవాబు చెప్పగలను. ఈ మెప్పుకి ఏం చెప్పను? ఒక్క పురుగును పట్టింది, అంతే. రేపు ఫోను ఇంకోలా తప్పు చెబితే? ఈసారి ఊరంతా ఆ పిల్ల మాట మీద మందు కొడుతుంది... అదే అన్నాను. విన్నాడో, ముందే ఫోను పెట్టేశాడో.

మధ్యాహ్నం బస్సు ఒకటుంది. పిల్లలు కాగితాలు ఇవ్వకుండా వరండాలో కూర్చున్నారు. ప్రిన్సిపాల్ గారు రెండుసార్లు తొంగిచూసి వెళ్ళారు.

హాజరు తీశాను. కుసుమ పేరు దగ్గర ఏమీ పెట్టలేదు.