ఊయలలో ఖర్బూజా

జోరాబెక్ అన్నయ్యా,

నువ్వు మిల్లు పని మానేసి ఊయలల కొట్టు మీదే బతుకుతావట, కలప కొని శుక్రవారం రాగానే కొట్టు నడిపే పని మొహిరా వదినకు అప్పగిస్తావట. అమ్మ చెప్పింది, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. నువ్వు సరదాగా చేసిన ఊయలలకు రంగులు వేసి, బజారులో మొదట అమ్మింది నేను. మన ఇంట్లో చదువుకున్నదీ నేనే. కొట్టు నాకే ఇస్తావనుకున్నాను.

ఆదివారం బజారులో వదిన కొనేవాళ్లకు ఖాళీ ఊయల ఊపి చూపించింది. "ఖాళీది ఊపుతావేంటే, పుట్టబోయే బిడ్డకు కీడు!" అని ఒక ముసలమ్మ ఆమె మీదికి లేచింది. నాకు లోలోపల సంతోషం కలిగింది. వదిన మాత్రం పక్క కొట్టులోని ఖర్బూజాను అందులో పడుకోబెట్టి, "ఇప్పుడు నిండింది కదా అవ్వా, జోల పాడు!" అంది. ముసలమ్మ నవ్వి, ఆ ఊయలే కొనుక్కుంది.

ఆ ఆలోచన నాకు రాలేదని ఇంకా మండుతోంది. కొట్టు ఆమెకే ఇవ్వు. ప్రతి ఊయల అడుగున మాత్రం, రంగులు వేసేది నేనే కాబట్టి నా పేరు రాసుకోనివ్వు. గురువారంలోగా జవాబు రాయి.

నీ చెల్లెలు