ఒక్క నియమపు రాక్షసుడు

దొంగల శిరోమణి, పళ్ల ఆసుపత్రి గుమస్తా, నా ఏకైక చెల్లాయికి,

కొండ మీది వాతావరణ కేంద్రం నుంచి అన్నయ్య ఘనంగా దీవించి రాయునది. ఇక్కడ ఫోను పలకదు, గాలి మాత్రం నోరు మూయదు. వారానికోసారి వచ్చే జీపే దిక్కు. కాబట్టి మన ఆదివారం ఆట ఇక ఉత్తరాల మీదే. పద్ధతి పాతదే: కథ నేను చెబుతాను, అందులో నీ పాత్ర అయిన దొంగపిల్ల ఏం చేస్తుందో నువ్వు చెప్పు, తగిలిందో లేదో పాచికలు చెబుతాయి.

కొత్త రాక్షసుణ్ణి జతచేశాను. మూడు వరుసల కోరలు, వరుసకో విషం. గాయమైతే రంగు మారుతుంది, రంగును బట్టి బలం, బలాన్ని బట్టి కోరలు. తొమ్మిది పేజీలే.

సదా నీ శత్రుసైన్యాధిపతి,
అన్నయ్య

తా.క. మన మూడో ఆటగాడు, ఆ గొడ్డలి గాడు కనిపించాడా? ఊరికే అడిగాను. పాత రాక్షసుడి ఆరో పేజీ అడుగున చిన్న అక్షరాల నియమం చదవకుండా గొడ్డలి విసిరి, తన వీరుణ్ణి చంపుకున్నది వాడు. అలిగి బల్ల దగ్గర్నుంచి లేచిపోయిందీ వాడే. నాకేం బెంగ లేదు.

*

అన్నయ్యా,

నీ రాక్షసుణ్ణి చదివాను. అంటే, మొదలుపెట్టాను. వాణ్ణి చూస్తే భయం వేయాలా, రేపు పరీక్ష ఉన్నట్టు దడ పుట్టాలా? రాక్షసుడన్నవాడు తలుపు బద్దలుకొట్టుకుని రావాలి గాని, ముందుగా నిబంధనావళి పంపకూడదు. సులువైనవాణ్ణి పంపు.

ఇంకో ఘోరం. ఆ కాగితాలు బల్ల మీద పెట్టి టీకి వెళ్ళాను. మా డాక్టరుగారు ఎవరో రోగివనుకుని చదివేశారు. "వెనక రెండు వరుసలూ పీకేస్తే మనిషి మామూలైపోతాడు. రంగు మారుతున్నాడంటే కామెర్లేమో, ముందు అది చూపించుకు రమ్మను" అన్నారు.

ఇట్లు, తలనొప్పితో,
చెల్లాయి

తా.క. కళ్ళు మూసుకుని ఒక్క వేటు వేస్తే చచ్చేవాడు నీ దగ్గర ఒక్కడూ లేడా?

*

చెల్లాయికి,

నీ దొంగపిల్ల జేబులు కొట్టే పిల్ల. ఏనాడైనా వేటు వేసిందా? ఒక్క వేటుకి చచ్చేవాణ్ణి అడిగింది నువ్వు కాదు. నా బిడ్డ పళ్ళు పీకమన్న ఆ డాక్టరు మన బల్ల దగ్గర చేరాడన్నమాట! ఆయనకి చెప్పు, మూడో కుర్చీ ఖాళీ లేదని. ఎవరూ కూర్చోనంత మాత్రాన కుర్చీ ఖాళీ అయిపోదు.

ఇట్లు, కడు ఆగ్రహంతో,
అన్నయ్య

తా.క. నిన్న పొగమంచులో గాలి వేగం కొలుస్తుంటే గొడ్డలి గాడి నవ్వు వినిపించింది. వెళ్ళి చూస్తే తుప్పుపట్టిన తలుపు. నూనె వేయలేదు, అలాగే ఉంచాను.

*

అన్నయ్యా,

పాపం, డాక్టరుగారిని ఆడిపోసుకోకు. నా సంచీలోంచి పాచిక కిందపడితే "ఈ దంతం ఎవరిది?" అని అడిగిన మనిషాయన.

అయితే ఆదివారాలు ఒకరొచ్చి ఆ కుర్చీలో కూర్చుంటున్న మాట నిజమే. పేరు అడగకు, చెప్పనని మాటిచ్చాను. అమ్మకి తెలుసు, టీ కూడా ఇస్తోంది.

ఇట్లు, నోటికి తాళంతో,
చెల్లాయి

తా.క. సులువైనవాడు. మర్చిపోకు.

*

చెల్లాయికి,

పేరు చెప్పకూడదు, అమ్మకి తెలుసు, టీ ఇస్తోంది. బావగారన్నమాట! ఇంత జరిగినా అన్నకి ఒక్క ముక్క రాయవా? సరే, కాబోయే బావగారిని నియమాలతో బెదిరించడం మర్యాద కాదు. ఇదిగో:

గుహలో ఒక బల్ల. బల్ల ముందు రాక్షసుడు. ఎదురుగా కూర్చున్నవాళ్ళని ఏమీ చేయడు, లేచి వెళ్ళబోయేవాళ్ళనే కొడతాడు. ఒక్క వేటుకి చస్తాడు.

అంతే. ఆ తొమ్మిది పేజీలూ ఒక్క సాయంత్రంలో రాశాను. వీడికి వారమంతా పట్టింది. కింద జీపువాడు హారను కొట్టి చంపుతున్నాడు, ఉంటాను.

ఇట్లు, కన్యాదాత పక్షం,
అన్నయ్య

తా.క. ఆ కుర్చీ ఎడమ కాలు ఊగుతుంది. గొడ్డలి గాడు అట్టముక్క మడిచి పెట్టుకునేవాడు. బావగారైనా సరే, దాన్ని తీయనివ్వకు.

*

అన్నయ్యా,

బావా లేడు, బూడిదా లేదు. వచ్చింది గొడ్డలి!

నువ్వు కొండెక్కిన ఆదివారమే వచ్చాడు. "వాడు లేడుగా, ఊరికే కుర్చీ చూసి పోతా" అన్నాడు. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం చూసి పోతున్నాడు. నీ కోరలవాణ్ణి చదివి వినిపిస్తే రెండో పేజీకే మొహం ముడుచుకుని, "నాకు అర్థం కాకూడదనే రాశాడు" అన్నాడు. నేను సులువైనవాణ్ణి అడిగింది అందుకు.

ఈసారి కాగితం తనే లాక్కుని చదివాడు. తిప్పి వెనక చూశాడు. దీపం కింద పెట్టి అంచులు కూడా చూశాడు, చిన్న అక్షరాలున్నాయేమోనని. అమ్మ భోజనానికి పిలిస్తే, "లేస్తే కొడతాడండీ" అన్నాడు. కంచం బల్ల దగ్గరికే తెచ్చింది.

ఇక తాజా కలం నాది కాదు. ఇచ్చేదాకా కలం వదలడట.

చెల్లాయి

తా.క. ఒరేయ్, నేనేరా. చచ్చిన నా వీరుడికి ఒక తమ్ముడున్నాడు, గొడ్డలి ఇప్పుడు వాడిది. ఒక్క వేటుకి చస్తాడన్నావు, బానే ఉంది. కానీ వాడు చస్తే ఆట అయిపోతుంది, ఆట అయిపోతే నేను లేవాలి, లేస్తే వాడు కొట్టాలి, వాడేమో చచ్చాడు. సులువైనవాణ్ణి రాయమంటే ఇదేంట్రా? నాకు ఇదీ అర్థం కాలేదు. సెలవు పెట్టి వచ్చి, ఎదురుగా కూర్చుని చెప్పు. అప్పటిదాకా కొట్టను. గొడ్డలి ఎత్తి పట్టుకునే ఉన్నా. చెయ్యి లాగేస్తోంది రా, త్వరగా రా.