నోమోస్ అంటే ఏందని అడిగావు గదా

రాయపురం, మద్రాసు
14 జులై 1974

నా బంగారు కొడుకు ఆనందుకి అమ్మ ముద్దులు, ప్రభువు దీవెనలు.

ఈడ నేను సుఖంగా ఉండాను. నువ్వడిగిన మోకాలి నొప్పి తగ్గింది. ఆ భిలాయి ఎండల్లో నువ్వు వేళకు తింటుండావని అనుకుంటుండా.

"ఈ వయసులో గ్రీకు మాటలతో నీకేం పనిమ్మా? నోమోస్ అంటే ఏందసలు?" అని నా పోయిన జాబు చూసి వెక్కిరిస్తా రాశావు. పని పడింది, చెబుతా విను.

కొత్తగా వచ్చిన అయ్యగారు శనివారం సాయంత్రం గుళ్లో ఆడోళ్లకు బైబిలు పాఠం చెబుతారు. పోయిన నెల ఒకరోజు మీ పెద్దనాయన కూడా వచ్చి కూర్చున్నాడు. మధ్యలో లేచి, "విధవరాలు మళ్లీ పెళ్లాడితే ధర్మశాస్త్రానికి విరుద్ధం గదా అయ్యగారూ?" అన్నాడు. చూపు మాత్రం నామీదే.

అయ్యగారు నిమ్మళంగా చెప్పారు. "మనం ధర్మశాస్త్రం అనేదాన్ని గ్రీకులో నోమోస్ అంటారు. పంచి ఇవ్వడం అనే అర్థంలోంచి పుట్టిన మాట. ఊరి ఆచారమూ నోమోసే, రాజు చట్టమూ నోమోసే. బైబిల్లో ఎక్కువగా మోషే ద్వారా దేవుడిచ్చిన ఆజ్ఞలకు ఆ పేరు. మీరు చెప్పింది మన ఊరి ఆచారం. దేవుడి ఆజ్ఞ కాదు."

నాకెక్కడి ధైర్యమొచ్చిందో, లేచి నిలబడ్డా. "మొగుడు పోయినామె గురించి బైబిల్లో పౌలు రాసినచోట ఏ మాట ఉందయ్యా?"

"అదే మాటమ్మా. భర్త బతికున్నంత వరకే ఆ కట్టు. పోయాక ఇంకొకరిని చేసుకుంటే తప్పులేదని రాశాడాయన."

పక్కింటి అలమేలక్క "స్తోత్రం!" అని గట్టిగా అనేసింది. ఆడోళ్లంతా ఒకటే నవ్వు. మీ పెద్దనాయన కండువా దులుపుకొని వెళ్లిపోయాడు. మరుసటి రోజు మాత్రం వంజరం చేప తీసుకొని ఇంటికొచ్చాడు. "తమ్ముడు గుర్తొచ్చి అట్లన్నా, మనసులో పెట్టుకోబాకమ్మా" అని కళ్లు తుడుచుకున్నాడు.

ఇంక దాచను నాయనా. హార్బర్లో క్రేను నడిపే బాలసుందరంగారు నీకు తెలుసు గదా, గుళ్లో మాతోబాటు పాడతాడు, పెళ్లాం పోయి చానా ఏళ్లయింది. ఈస్టరు అయినాక నన్ను అడిగాడు, "ఒంటిగా అన్నం సయించడం లేదు, నన్ను చేసుకుంటావా" అని. అప్పుడు తర్వాత చెబుతానన్నా. ఆ పాఠం అయిన ఆదివారం సరే అన్నా.

మీ నాయనను మరిచి కాదురా. ఆయనతో అంత బాగా బతికినందుకే మళ్లీ కాపురమంటే నాకు భయం లేదు.

ఆగస్టులో పెళ్లి. నిన్ను అనుమతి అడగడం లేదు, రమ్మంటున్నా. పెళ్లికూతురి చెయ్యి పట్టుకొని గుళ్లోకి నడిపించేదానికి మా నాయన లేడు గదా. మీ పెద్దనాయన నేనొస్తానంటుండాడు. "ముందు నా కొడుకును అడగనీ బావగారూ" అన్నాను.

ఇట్లు,
సిగ్గుపడతా, నవ్వుకుంటా రాసే
మీ అమ్మ