నిమ్మచెట్టు కొట్టించే ముందు

ఏవండీ, మిరపకోతల ఆటోవాడు వచ్చి హారన్ కొడుతున్నాడు. అన్నం, గోంగూర పచ్చడి మూతపెట్టి ఉంచాను. డ్యూటీ నుంచి రాగానే తినే పడుకోండి. బర్రెకి నీళ్ళు పెట్టేశాను.

పదింటికి జక్రయ్య మామ నిమ్మచెట్టు కొట్టడానికి వస్తాడు. మీ బండికి రేకుల షెడ్డు కావాలి, నేను కాదనలేదు. కాకపోతే ఇందాక రాలిన వేపాకు ఊడుస్తుంటే నిమ్మకొమ్మ చివర తెల్లగా ఏదో కనిపించింది. పూతో, పిండినల్లి పురుగో చీకట్లో తెలియలేదు. వాసన చూద్దామంటే నెల రోజులుగా మిరపకాయలు కోసి కోసి నా ముక్కు పనిచేయడం లేదు. మొన్న పప్పు మాడితే మీరు అరిచేదాకా నాకు తెలిసిందా? అందుకే మీరే వాసన చూడండి. పూతైతే మామకి టీ ఇచ్చి పంపించేయండి. పురుగైతే మీ ఇష్టం.

ఆరేళ్ళుగా ఒక్క కాయా కాయలేదన్న మీ మాట నిజమే. కనిగిరి నుంచి బస్సులో మా అమ్మ ఆ మొక్కని ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ఆమె మనింటికి రావడం అదే ఆఖరు.

లిడియా

ఏ వాసనా రాకపోతే మీకు జలుబు చేసిందనుకోండి. మామని వచ్చే వారం రమ్మనండి.