ఉత్త చేతుల నడక

మేళ్లచెరువు,
ఆదివారం.

బాపుకు, నీ పెద్దబిడ్డ సునీత దండం పెట్టి రాసేది. ఇక్కడ మేము ముగ్గురం బాగున్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందా? అమ్మ మందులు వేళకు వేసుకుంటున్నదా? అవ్వకు చూపు ఎట్లా ఉంది? అందరి సంగతీ రాయి.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని అనుకుంటావేమో. ఫోన్లో నీకు నచ్చని మాట మొదలుపెడితే చాలు, "ఇగో, మీ అమ్మతోని మాట్లాడు" అని ఆమె చేతిలో పెట్టేస్తావు. అందుకే కాగితం పట్టాను. కళ్లజోడు పెట్టుకొని చివరిదాకా చదువు.

మొన్న నీ అల్లుడికి ఫోన్ చేశావట. మన ఊరి లారీ యాదయ్య నన్ను పొద్దున్నే కాలువ రోడ్డు మీద చూశాడట. చేతిలో సంచి లేదు, గిన్నె లేదు, ఒక్కతే గబగబా పోతున్నదని నీకు చేరవేశాడట. "ఇంట్ల ఏమన్న లొల్లి అయిందా? బిడ్డ అలిగి పోతాందా?" అని నువ్వు ఆయన్ను అడిగావట. ఆరోగ్యం కోసం నడుస్తున్నదని ఆయన చెబితే, "గా నడకలు గిడకలు బంద్ చెయ్యమను, నలుగురు నవ్వుతరు" అన్నావట. నడిచేది నేనైతే అడిగేది ఆయన్నా బాపూ? నాకు కోపం వచ్చింది. ఇంకా పోలేదు.

ఇక్కడ నా పని సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు తూచే కాంటా దగ్గర. పొద్దున కుర్చీలో కూర్చుంటే సాయంత్రం దాకా లేచేది లేదు. లారీ రావడం, బరువు కంప్యూటర్లో కొట్టడం, చీటీ ఇవ్వడం. బయటంతా సున్నపురాయి దుమ్ము, కిటికీ కూడా తెరవం. మన చేనులో రోజంతా వంగి కలుపు తీసినా నొప్పి తెలియని నడుము, ఇక్కడ కూర్చుని కూర్చుని పట్టేసింది. ఎండాకాలంలో కళ్లు తిరిగితే దవాఖానకు పోయాను. షుగర్ గడప దాకా వచ్చింది, రోజూ నడవకపోతే లోపలికి వస్తుంది అన్నది డాక్టరమ్మ. షుగర్ వల్ల అమ్మ కాలి వేలు తీసేశాక మొదటిసారి కట్టు మార్చిన రోజు నీకు గుర్తుందా? నువ్వు మందులకు పోయావు. అమ్మ అరిచిన అరుపు నేను విన్నాను. అది నా చెవుల్లోంచి ఇప్పటికీ పోదు.

నడవాలంటే వేళ కావాలి కదా. వంట, బాబు బడి, నేను పనికి పోయే ఆటో, అన్నీ ఒకేసారి మీద పడతాయి. బాబును లేపి తయారు చేసేది ఇక నీ అల్లుడే అని చెప్పేశాను. మొదట గొణిగాడు. ఇప్పుడు ఉప్మా నాకంటే బాగా చేస్తున్నాడు, కానీ ఆ మాట ఆయనతో అనకు.

మొదట్లో నాకూ సిగ్గే. ఎదురైన ప్రతివాళ్లూ "యాడికి పోతున్నవ్?" అని అడుగుతారు. ఊరికే నడుస్తున్నానని చెప్పడానికి నోరు రాక పాల క్యాన్ పట్టుకొని బయలుదేరేదాన్ని. పాలకని చెబితే ఎవరూ మారు మాట్లాడరు. కానీ మా ఇంటి ఓనర్ నర్సమ్మక్క అది చూసి, "ఎట్లనో పోతున్నవ్ గద, మాకు గూడ జర పట్కరా" అని తన క్యాన్ కూడా ఇచ్చింది. పక్కింటామె కొత్తిమీర చెప్పింది, ఎదురింటామె అగరుబత్తులు చెప్పింది. నా నడక కాస్తా అందరి సరుకులు మోయడానికే సరిపోయింది. రెండు చేతుల నిండా బరువులు, గడప గడపకూ ఆగడం.

ఒక పొద్దున నర్సమ్మక్క క్యాన్ ఆమె గడప ముందే పెట్టి, "ఇయ్యాల్టి సంది నీ పాలు నువ్వే తెచ్చుకో అక్కా. నేను యాడికి పోతలేను, నడుస్తున్న" అన్నాను. ఆమె ఇప్పటికీ మూతి ముడుచుకొనే ఉంది. ఉండనీ. కాలువ దగ్గర ఒక పెద్దాయన, "ఏం పనిలేదా బిడ్డా?" అన్నాడు. "ఉన్నది తాతా, గిదే పని" అన్నాను. ఆ తర్వాతే యాదయ్య కంట్లో పడ్డాను.

కాబట్టి బంద్ చెయ్యను బాపూ. నీ మీద గౌరవం ఎప్పుడూ తగ్గదు, కానీ ఈ ఒక్క మాట వినను. యాదయ్య మళ్లీ ఇటు వచ్చేటప్పుడు జొన్నపిండి, రెండు కిలోల కందిపప్పు పంపు. ఇక్కడి జొన్నపిండితో రొట్టె విరిగిపోతున్నది. చాడీలు మోసేవాడు పిండి కూడా మోయగలడు.

ఇంకొక సంగతి. నిన్న అమ్మ ఫోన్లో గొంతు తగ్గించి, "నడిస్తె నాకు గూడ మంచిదేనా బిడ్డా? మీ బాపు ఏమంటడో" అన్నది. అమ్మ తన కోసం ఒకటి అడగడం నేను ఇన్నేళ్లలో వినలేదు. డాక్టరమ్మను అడిగాను, మెల్లగా నడవొచ్చని చెప్పాకే రాస్తున్నాను. బాబుకు సెలవులు రాగానే వస్తాను. పొద్దున్నే అమ్మ చెయ్యి పట్టుకొని మన బజారు నడుమ నుంచే నడిపిస్తాను. నువ్వూ వస్తే సంతోషం. అది నీకు నామోషీ అయితే, అమ్మను నా వెంట ఇక్కడికే తీసుకొస్తాను. తిరిగి ఎప్పుడు పంపేదీ చెప్పను. నీ బువ్వ నువ్వే వండుకో.

అవ్వకు, చిన్నాయినకు నా దండాలు చెప్పు. బాబు తాతకు ముద్దులు పంపుతున్నాడు. నా తల మీద నీ చెయ్యి ఎప్పుడూ ఉండాలి.

నీ మాట విననందుకు భయపడుతూనే విననిది,
నీ బిడ్డ
సునీత