గలిజేరాకు పప్పు

ఏవండీ,

ఇవాళ మీ సంవత్సరీకం భోజనాల్లో గలిజేరాకు పప్పు పెట్టాను. కరకట్ట మీద మీతో వాకింగ్‌కొచ్చే వాళ్లంతా లొట్టలేసుకుంటూ తిన్నారు. "ప్రొస్టేట్ వాపుకి ఇంతకంటే మందు లేదమ్మా, మాకు ఈ ఆకు చూపించిన మహానుభావుడు ఆయనే" అన్నారు. మీ తమ్ముడైతే రెండోసారి వేయించుకున్నాడు. మీరు గుండెపోటుతో పోయారని అందరికీ చెప్పింది అతనే. అసలు సంగతి తెలిస్తే పరువు పోతుందట.

పప్పు గిన్నె చేత్తో పట్టుకునే చెప్పాను. "ఆయన గుండె నిక్షేపంగా ఉండేది. ఒంటికి వెళ్తే మంటగా ఉందని ఈ ఆకు ఒక్కటే నమ్ముకుని, డాక్టరు గడప తొక్కలేదు. ఆ ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి, ప్రాణం పోయింది. ఇంకాస్త వెయ్యమంటారా అన్నయ్యగారూ?"

అందరూ సగంలోనే విస్తళ్లు మడిచి లేచారు. ఆ విస్తళ్లతో పాటే మీ పరువూ ఎత్తి పారేశాను.

సాయంత్రం మీ తమ్ముడు వంటింట్లోకొచ్చి, గొంతు తగ్గించి, మంచి డాక్టరెవరని అడిగాడు. చెప్పాను. మీకోసం అపాయింట్‌మెంట్ తీసుకుంటే, ఆడ డాక్టరుకి చూపించుకోనని మొండికేశారు చూడండి, ఆవిడే. రేపు పొద్దున్నే వెళ్తానన్నాడు.

అతనికి మీ అంత సిగ్గు లేదులెండి. బతుకుతాడు.